ముగింపు సభలో పట్టుశాలువా

సింగవరంలో ఇంటికైనా, ఖజానాకైనా దాని గుట్టుమాట చెబితేనే కాపలావాడు తలుపు తీస్తాడు. రాజుగారి పేరు చెప్పుకుని మాయగాళ్లు ఆ మాట రాబట్టి ఇళ్లు దోచేస్తున్నారు. అందుకే "గుట్టుమాట ఎవరడిగినా చెప్పకండహో!" అని నెల్లాళ్లు డప్పు మోగింది. ముగింపు సభలో మంత్రి విజయకేతుడు, "ఇక అందరికీ తెలిసిపోయింది, డప్పు కట్టిపెట్టండి" అన్నాడు.

చాటింపు వేసే నూకాలు పట్టుశాలువా పట్టుకొచ్చింది. "అయ్యా, తమకు రాజుగారి బహుమానం. తమరే మంత్రిగారని రూఢి కావాలిగా, ఖజానా గుట్టుమాట సెలవియ్యండి."

'నేనెప్పుడు పంపానబ్బా!' అని రాజుగారు అనుకునేలోపే మంత్రి చెయ్యి చాపి, "నల్లకలువ!" అనేశాడు.

రాజుగారు సింహాసనం దిగొచ్చి, నూకాలుకు చేతులు జోడించారు. "అమ్మా, మరి డప్పు ఎప్పుడు ఆపమంటావు?"

"దొంగలు కూడా ముగింపు సభ పెట్టుకున్నాక, ప్రభూ!"