ఖాళీ పీటకు పన్ను

పన్నులు మనుషుల ఊళ్లలోనే ఉంటాయనుకునేవాళ్లు జీడికనుమ ఎక్కి చూడలేదు. అక్కడ దొర పెద్దపులి. ఆయన జొన్నలు తినడు, అంబలి తాగడు. అయినా ఏటా అడవిలో ప్రతి గుమ్మం నుంచీ జొన్నలు కొలిపించుకుంటాడు. పులికి జొన్నలెందుకని మీరు అడక్కండి. నేనడిగితే నన్ను కసిరారు.

కింద ఉప్పువాగుకీ పైన కొండసంతకీ సరిగ్గా సగం దారిలో ముళ్లపంది నూకరత్నం పూటకూళ్ల ఇల్లు ఉంది. ఇల్లంటే మేడ కాదు. ముందుకు పొడుచుకొచ్చిన రాతిచరియ, దాని కింద ఒక పొయ్యి, అడ్డాకుల పందిరి, ఇరవై రాతిపీటలు. అంతే. ఉప్పు మోసే ఎద్దులూ గాడిదలూ అక్కడ ఆగి కందపులుసూ జొన్నఅంబలీ తిని, కాస్త నడుం వాల్చి, మళ్లీ ఎక్కేవి. కడుపులో అది పడకపోతే కనుమ సగం దగ్గరే కాళ్లు మొరాయిస్తాయి.

రెండేళ్లుగా వానలు లేవు. దుంపలు లోతుకు దిగిపోయాయి. ఎండుకట్టెలు తెచ్చే కోతులు మోపుకు రెట్టింపు కూలి అడుగుతున్నాయి. చింతపండు ధర ముట్టుకుంటే మండుతోంది. అయినా నూకరత్నం పులుసు ధర పెంచలేదు. ఎక్కి వచ్చిన ఎద్దు డొక్క చూసి ధర పెంచడానికి దానికి మనసొప్పలేదు. ఏడాదికి రెండు కుంచాల జొన్నలు పన్ను కట్టి, మిగిలినదాంతో ఎలాగో ఈడ్చుకొస్తోంది.

సరిగ్గా అప్పుడే, గోరుచుట్టు మీద రోకటిపోటులా, దొరగారి గుమాస్తా నక్క పానకాలు దిగాడు. వచ్చింది సంతరోజున. ఇరవై పీటలూ నిండి, ఇంకో పదిమంది నిలబడే తింటున్నారు. పానకాలు ఒక తీగతో చరియ పొడవు కొలిచాడు. పందిరి వెడల్పు కొలిచాడు. లోయకేసి తిరిగి గాలి పీల్చి, అది కూడా ఏదో రాసుకున్నాడు.

"ఏంటండీ, గాలికి కూడా లెక్కుందా?" అని అడిగింది నూకరత్నం గరిటె పట్టుకుని.

"ఉందమ్మా. కొత్త పద్ధతి వచ్చింది. ఇదివరకు మీరు ఎంత సంపాదిస్తే అందులో కాస్త ఇచ్చేవారు. ఇప్పుడు అలా కాదు. ఈ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత పలుకుతుందో నేను ధర కడతాను. అందులో సగం దొరగారిది."

"ఎంత కట్టారేంటి?"

"రెండొందల కుంచాలు. మీరు కట్టాల్సింది వంద."

నూకరత్నం చేతిలో గరిటె పులుసులోకి జారిపోయింది.

"వందా? నేను నా ముళ్లు పీకి అమ్ముకున్నా వంద రాదండీ! ఇయ్యాళ సంత కాబట్టి ఈ జనం. మిగతా ఆరు రోజులూ రండి, ఈగలు కూడా ముఖం చూపించవు."

"రాకపోవచ్చు. కానీ రావడానికి వీలుంది కదా? పీట ఉందా లేదా?"

"ఉంది."

"పీటంటూ ఉంటే కూర్చునేవాడు ఎప్పుడో వస్తాడు. ఖాళీ పీటైనా పీటే. దానికీ పన్నే."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ లెక్క!"

పానకాలు చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "చూడు నూకరత్నం, మనసుంటే మార్గముంటుంది. రోజూ ఓ కుండ పులుసు మా ఇంటికి పంపావనుకో, ఆ రెండొందలు ఎనభై కావడానికి ఎంతసేపు?"

అంతే, నూకరత్నం వీపు మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. తింటున్నవాళ్లు తమ ఆకులు కాస్త వెనక్కి లాక్కున్నారు.

"ఆకలేస్తే కూర్చోండి, ఆకేసి కడుపునిండా పెడతాను. కుండ మాత్రం గుమ్మం దాటదు."

"అయితే పున్నమికి వంద కుంచాలూ దాటాలి. లేదంటే పొయ్యి ఆర్పించి పంపేస్తాను" అని పానకాలు తోక దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కొంగ సూరమ్మ వచ్చింది. కింద ఉప్పువాగు రేవులో చేపల పులుసు అమ్మే పాక దానిది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకు అరవై వేశాడే. పాక మూసేశాను. రేవులో నాది, పక్కవాళ్లవి కలిపి ఏడు కొట్లూ మూతపడ్డాయి. ఇంక మిగిలింది నువ్వొక్కదానివే."

పందిరి కింద పడుకున్న ముసలి ఎద్దు పోలయ్య నెమరు ఆపి నిట్టూర్చాడు. నలభై ఏళ్ల ఓర్పు ఆయనది. దాన్ని ఊరందరికీ పంచిపెట్టడం ఆయన అలవాటు. "రత్నమ్మా, దొరతో మనకి పేచీ దేనికి? కుండ పులుసే కదా, పంపించెయ్. కాడి మెడమీద పడ్డాక విదిలిస్తే మెడే ఒరుసుకుపోద్ది."

"మీరు మోసేది ఉప్పు మావా. సంత రాగానే దింపేస్తారు. ఇది ఇయ్యాళ ఎత్తుకుంటే నా పిల్లల పిల్లలు కూడా దింపలేరు" అంది నూకరత్నం. "ఈ పొయ్యి మా అమ్మ వేసింది. నేను ఆర్పితే ఆర్పాలి గానీ, ఇంకొకళ్లు ఆర్పితే ఊరుకోను."

మాట గట్టిగానే వచ్చింది. కానీ లోపల భయంగానే ఉంది. ఆ పొయ్యి పోతే దానికి చెయ్యి తిరిగిన వేరే పని లేదు, వేరే చోటు లేదు.

పున్నమి రోజున పిలవకుండానే నూకరత్నం దొరగారి గుహకు వెళ్లింది. వెనకాలే ఎద్దులు, గాడిదలు, కొంగలు. పెద్దపులి ఆవులిస్తూ కూర్చున్నాడు. పక్కన పానకాలు.

"జొన్నలు తెచ్చావా?" అన్నాడు పులి.

"తేలేదు దొరా. ఒక మాట చెప్పడానికొచ్చాను. మీ గుమాస్తాగారు కట్టిన ధర నాకు సమ్మతమే."

సూరమ్మ ఒంటికాలి మీంచి తూలి పడబోయింది. పోలయ్య, "దీనికి మతి పోయింది" అని గొణిగాడు.

"నా ఇల్లు ఏడాదికి రెండొందలు పలుకుతుందని నాకిన్నాళ్లూ తెలియనే తెలియదు. తెలిస్తే ఈ పొగలో కళ్లెందుకు పోగొట్టుకుంటాను? అద్దెకిచ్చేస్తాను. వంద మీకిచ్చి, వంద నేను తింటూ కాళ్లు చాపుకుంటాను. వేలం వేయించండి దొరా, ఇప్పుడే."

కష్టం లేకుండా వంద వస్తుందనేసరికి పులికి ఆవులింత ఆగిపోయింది. "భేష్! పెదకాపును పిలవండి" అన్నాడు.

ఆ అడవిలో ఇప్పచెట్లకు ఏటా వేలం జరుగుతుంది. దాన్ని నడిపేది పెదకాపు అనే ఎలుగుబంటి. పెదకాపు వచ్చి, విషయం విని, గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పచెట్లయినా ఇల్లయినా కట్టుబాటు ఒకటే. ధర కట్టినవాడే మొదటి పాట పాడాలి. లేకపోతే ఎవడి నోటికి ఎంతొస్తే అంత కట్టి పోతాడని మన తాతలు పెట్టారు. పానకాలూ, పాడు."

పానకాలు ఒక్క క్షణం తటపటాయించాడు. పాడనంటే, ఆ ధర అబద్ధమని దొర ముందు ఒప్పుకున్నట్టే. అయినా వాడి కళ్లలో ఆ సంతరోజు జనమే ఉన్నారు. ఎవడో ఒకడు తన పాట మీద ఇంకో పది పెంచకపోడు, ఒకవేళ తనకే వస్తే అంత జనం తనకే వస్తారు. రెండు వైపులా లాభమే అనుకున్నాడు.

"రెండొందలు!" అని ఊళపెట్టాడు.

"రెండొందలు ఒకటోసారి" అన్నాడు పెదకాపు.

పోలయ్య నెమరు వేస్తున్నాడు. గాడిదలు చెవులు వాల్చేశాయి.

"రెండొందలు రెండోసారి."

పానకాలు, వేలం మాట విని వచ్చి పక్కన నిలబడ్డ తోడేలు డొక్కలో పొడిచాడు. "పాడు బావా, బంగారంలాంటి బేరం!"

"బంగారమైతే నువ్వే ఉంచుకో బావా" అంది తోడేలు.

"మూడోసారి! పానకాలుకి కొట్టేశాను. అద్దెకి పూచీ వాడి బొరియ. నెల తిరిగేసరికి మొదటి వాయిదా."

నూకరత్నం తన గరిటె తీసి పానకాలు చేతిలో పెట్టింది. "ఇరవై పీటలూ మీవేనండీ. గాలి కూడా" అంది.

సూరమ్మ నూకరత్నాన్ని తన పాకకు తీసుకుపోయింది. దారిలో, "నిజంగానే వాడు నిలదొక్కుకుంటే ఏం చేస్తావే?" అని అడిగింది.

"నిలదొక్కుకుంటే వాడు చెప్పింది నిజమన్నమాట. నిజం చేతిలో ఓడిపోతే సిగ్గు లేదు. వాడి తీగ చేతిలో ఓడిపోతేనే సిగ్గు."

అలా అంది గానీ, ఆ రాత్రి దానికి కన్నంటలేదు.

మొదటి సంతరోజున ఇరవై పీటలూ నిండాయి. పానకాలు మీసాలు దువ్వుకుంటూ పులుసు వడ్డించాడు. పోలయ్య ఒక ముద్ద మింగి నాలుక బయట పెట్టాడు. నాలుక దురద. పెదాలు దురద. గొంతంతా దురద. పక్క పీట గాడిద లేచి గెంతుతోంది.

"పానకాలుగారూ, కందలో చింతపండు వేశారా?" అన్నాడు పోలయ్య.

"చింతపండు ధరెంతో తెలుసా నీకు?"

"తెలుసండి. రత్నమ్మ చెబుతూనే ఉంటుంది. తమరే రాసుకోలేదు."

కనుమ దిగేదాకా గోక్కోని ఎద్దు లేదు. మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పానకాలు ఇరవై పీటల మధ్య ఒక్కడే కూర్చుని దారి చూశాడు. కోతులు వచ్చి కట్టెల కూలి అడిగాయి. గాలి వచ్చి అడ్డాకులు ఎత్తుకుపోయింది. రెండో సంతకి ముగ్గురొచ్చారు, అదీ నీళ్లకు. మూడో సంతకి దారిలో అడుగుల చప్పుడే లేదు. తిండి లేని కనుమ ఎందుకని ఉప్పు మోతలన్నీ పక్క కొండదారి పట్టాయి.

నెల తిరక్కముందే పానకాలు దొర గుహలో సాష్టాంగపడ్డాడు. ఈసారి అడవంతా చూడ్డానికొచ్చింది.

"దొరా, కాపాడండి! ఆ ఇల్లు నాలుగు కుంచాలు కూడా చెయ్యదు. కట్టెలకే పోతోంది నా ప్రాణం. గాలి విసిరితే దుమ్మంతా పొయ్యిలోకే. జనం వారానికి ఒక్కరోజు..."

"కాస్త గట్టిగా చెప్పండి పానకాలుగారూ, వెనకాల గాడిదలకి వినపడలేదట" అంది నూకరత్నం.

"మరి రెండొందలని నాకెందుకు చెప్పావురా?" అని గర్జించాడు పులి. పానకాలు చెవులు నేలకు అంటుకుపోయాయి. "నాకదంతా తెలియదు. నా వంద నాకు రావాలి!"

నూకరత్నం ముందుకు నడిచింది. ముళ్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిది ఇంకా బలవంతురాలని ఆ రోజు అడవికి తెలిసింది.

"వంద కాదు దొరా, మీకు రెండు కూడా రావు. ఇదివరకు రేవులో ఏడు కొట్లు తలా రెండు కుంచాలిచ్చేవి. వాటికి అరవైలూ డెబ్భైలూ వేశారు, ఇప్పుడెంతొస్తోంది? సున్నా. సున్నాలో సగం ఎంతో మీ గుమాస్తాని లెక్క కట్టమనండి. ఉప్పు మోతలు పక్క కొండకి పోయాయి, వాటి మీద మీకొచ్చే సుంకమూ పోయింది. కోప్పడితే కోప్పడండి. నన్ను తినాలంటే ముందు ముళ్లు మింగాలి. పన్ను కట్టనని నేనెప్పుడూ అనలేదు. పులుసు అమ్మినదాంట్లోంచి కడతాను, పొయ్యి అమ్ముకుని కట్టను."

పులి దాని ముళ్లకేసి చూశాడు. తర్వాత పెదకాపుకేసి చూశాడు. పెదకాపు తల ఊపాడు.

"పాత పద్ధతే రాయండి" అన్నాడు పులి, ఎవరికేసీ చూడకుండా. "అన్ని కొట్లకీ."

పానకాలు నూకరత్నం కాళ్ల దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు. "తల్లీ, నన్ను ఆ పాటలోంచి వదిలెయ్యి."

"వదులుతాను. ముందు నువ్వు రేవుకెళ్లి, ఏడు గుమ్మాల్లోనూ నిలబడి, నీ లెక్క తప్పని నీ నోటితో చెప్పి, ఆ అంకె కొట్టేసి రా. ఈ నెల అద్దె మాత్రం వదలను. జొన్నలు లేకపోతే దుంపలు తవ్వు."

పానకాలు ఏడు గుమ్మాలూ తిరిగాడు. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్నట్టు, వారం పట్టింది. సూరమ్మ పాక తెరిచింది. నూకరత్నం పొయ్యి రాజేసింది. ఆ పొగ చూసి ఉప్పు మోతలు ఒకటీ రెండూ ఇటు మళ్లాయి.

ఇక పానకాలు? ఇప్పటికీ పొద్దెక్కేదాకా కొండవాలులో కంద తవ్వుతూ ఉంటాడు. అటు వెళ్లే గాడిద ప్రతిదీ, "ఇంకెంత లోతుందండీ?" అని పలకరించి మరీ పోతుంది. వాడు చేతులు గోక్కుని ఇంకాస్త తవ్వుతాడు.

ఒకరి పొయ్యికి వెల కట్టేవాడు ముందు ఆ వెలకు దాని పక్కన ఒక నెల కూర్చుని వండి చూపాలి.