తాతగారి మంగలి కత్తి

గుమ్మడూరు జమీందారుకు అటకమీద వాళ్ల తాతగారి మంగలి కత్తి దొరికింది. దాన్ని దివాణంలో క్షౌరం చేసే పెంచలయ్య ముందు పడేశాడు.

"దీన్ని బాగుచెయ్యి. పనికిరాదన్నావో, మా తాతగారిని అవమానించినట్టే. విరగ్గొట్టినా అంతే. దివాణంలో క్షౌరం చేస్తున్నందుకు ఇచ్చిన నీ మాన్యం లాగేసుకుంటా."

పెంచలయ్య కత్తిని గోటితో మీటి చూశాడు. మంచి కత్తయితే ఖంగుమంటుంది. ఇది పగిలిన కుండలా పలికింది. లోపల బీట, అంచంతా తుప్పు. గట్టిగా సానబడితే విరిగిపోతుంది.

ఇంట్లో భార్య నరసమ్మ కూలబడిపోయింది. "ఏం చెప్పినా పొలం పోయేదే కదయ్యా! ఆ అరెకరం పోతే ఏం తిని బతుకుతాం?"

మర్నాడు పెంచలయ్య కత్తిని పైపైన సానబట్టి దివాణానికి వెళ్లాడు.

"ఇది బాగుపడిందో లేదో చెప్పాల్సింది నేను కాదు దొరా, గడ్డం. సానబట్టిన కత్తి ఎవరిదైతే తొలి క్షవరం వారికే. అది మా ఆనవాయితీ," అంటూ జమీందారు గడ్డం తడిపి, కత్తిని గొంతు దగ్గర ఆనించాడు.

గరుకు అంచు తగలగానే జమీందారు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఆగరా! తాతగారి కత్తి వాడుకునే వస్తువా? పూజగదిలో పెట్టండి!"

మాన్యం నిలబడింది.

కానీ ఆ రోజు నుంచి ఏ కత్తిని చూసినా జమీందారుకు వణుకే. గడ్డం పెంచేశాడు. అది పొట్టమీదికి దిగాక, నిమురుకుంటూ పెంచలయ్యను పిలిపించాడు.

"గడ్డం గీయించుకోనివాడికి మంగలెందుకురా? పనిలేని మంగలికి మాన్యమెందుకు?"

ఆ మాటలో తప్పు వెతుక్కుంటూనే పెంచలయ్య తన అరెకరం అప్పజెప్పాడు.