రాణిగారి చెయ్యి

ఒక రాణిగారి పసికొడుకు ఎదుటి కొండ మీద గురుకులంలో చదువుకునేవాడు. రోజూ సాయంత్రం చినబాబు కేకవేసిన మాటను, లోయలో బండమీద నిలబడి దండోరా గవరయ్య కోటకు అందించేవాడు. చినబాబు అరిస్తే తనూ అరిచేవాడు, గొణిగితే తనూ గొణిగేవాడు. కోటలో చెవులు అదిరేవి, లేదా ఏమీ వినపడేది కాదు.

మంత్రి ఎప్పుడెంత గట్టిగా అరవాలో గాలికొకటి, మంచుకొకటి చొప్పున వంద నియమాలు రాసి, "ఇవి తప్పితే నీ కొలువు ఊడుతుంది" అన్నాడు.

"అన్నెందుకు దొరా?" అన్నాడు గవరయ్య. "గట్టిగా వినిపిస్తే అమ్మగారు చెయ్యి దించాలి, సన్నగా వినిపిస్తే ఎత్తాలి. ఆ చెయ్యి చూసి నేను గొంతు సర్దుకుంటాను."

మంత్రి నవ్వాడు. "ఓరి తెలివైనోడా! అప్పుడు బిడ్డ అరిచినా, మూలిగినా ఒకేలా వినిపిస్తుంది. తల్లికి తేడా ఎలా తెలుస్తుందిరా?"

"మాట చెవికి తెలుస్తుంది దొరా. బిడ్డకు ఓపిక ఎంతుందో అమ్మగారి చెయ్యే చెబుతుంది. బాబు గొంతు ఎంత తగ్గితే ఆ చెయ్యి అంత పైకి లేవాలి కదా."

మర్నాడు "బాగున్నానమ్మా" అన్న మాట స్పష్టంగానే వినిపించింది. రాణిగారు తన చెయ్యి వంక చూసుకున్నారు. అది తల దాటి పైకి లేచి ఉంది.

"పల్లకీ తెండి, నా బిడ్డకు ఒంట్లో బాగాలేదు" అన్నారు.

అప్పుడు గవరయ్య ఎవరి చెయ్యీ చూడలేదు. ఎదుటి కొండకు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు: "అమ్మ వస్తోంది బాబూ!"