రాజావారి వైఫై తాళం

గవ్వలమెట్ట రాజావారు ఆ ఉదయం కొలువు మీద ఒంటికాలిమీద లేచారు.

"మా కోట, మా వైఫై! మేము చదరంగంలో గుర్రాన్ని కదిపేలోపల నెట్ ఆగిపోతోంది. ఊరంతా వాడుకుంటే మాకేం మిగులుతుంది? పాస్‌వర్డ్ బయటికి చేరవేస్తున్న దొంగ ఎవరో రేపు తేలాలి. తేల్చినవారికి మా వేలి ఉంగరం!"

రాజ్యం పోయి చాలా కాలమైంది. పదకొండు గదుల కోటా, ఓ సింహాసనమూ, నలుగురైదుగురు కొలువువాళ్లూ మిగిలారు. అయినా రోజూ పదింటికి కొలువు తీరాల్సిందే, మధ్యాహ్నం తాటిమెట్ట రాజావారితో నెట్‌లో చదరంగం ఆడాల్సిందే. ఆట నడుమ నెట్ ఆగితే ఓడినట్టు లెక్క. కానీ ఈ కోటలో ఓటమి అనే మాట లేదు. "ఆగకపోతే గెలిచేవారే, కనుక గెలిచినట్టే" అని కొలువు తీర్మానించేది. గెలుపన్నాక కొత్త బిరుదు ఉండాలిగా! అలా నెట్ ఎంత ఆగితే బిరుదులు అంత పెరిగాయి.

ఆస్థాన వైఫై పండితుడు సర్వోత్తమరావు జరీ కండువా సర్దుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఆ పాస్‌వర్డ్ నేను పెట్టింది. సరిగ్గా అరవై మూడు అక్షరాలు! వారానికోసారి మారుస్తాను. తమకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు. ఇది ఇంటిదొంగ పనే. పదింటికి గుమ్మం ముందు జనం ఫోన్లు పట్టుకుని ఎవరి చుట్టూ మూగుతున్నారు? దాలయ్య చుట్టూ!"

దాలయ్య నలభై ఏళ్లుగా గుమ్మంలో నిలబడి రాజావారి బిరుదులు చదివే ముసలాయన. పాపం, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రేపటికి వేరే దొంగ తేలకపోతే దాలయ్య గుమ్మం దిగిపోవాలి," అన్నారు రాజావారు.

సింహాసనం పక్కన తాంబూలం చుడుతున్న సూరీడమ్మ చేతిలో ఆకు చిరిగింది. మొగుడు పోయిన ఏడు ఆమెను వెంటబెట్టుకొచ్చి ఈ కొలువులో పెట్టించింది దాలయ్యే. ఆ మనిషిని దొంగ అంటుంటే ఎలా ఊరుకుంటుంది? అసలు సంగతి ఆమెకు తెలుసు. తెలిసింది తెలిసినట్టు చెబితే తన కొలువూ ఊడుతుందని కూడా తెలుసు. సున్నం రాస్తూ కాసేపు ఆలోచించింది.

"బాబూ, దొంగని నాను చూపిత్తాను. పండితులోరు ఇయాలే పాస్‌వర్డ్ కొత్తది మార్చీయాల. రేపు పొద్దున్న మాత్రం అన్నీ రోజూ జరిగినట్టే జరగాల."

సర్వోత్తమరావు నవ్వాడు. "ఆకులు చుట్టుకునేదానికి అక్షరాలతో ఏం పని?"

మర్నాడు పదయింది. రాజావారు గుమ్మం బయట ఆగారు. కొత్త బిరుదులు మూడింటినీ మూడేసిసార్లు వింటేగాని లోపల అడుగుపెట్టరు, అది ఆనవాయితీ. దాలయ్య ఎత్తుకున్నాడు.

"తాటిమెట్ట గర్వభంజన! ఏనుగుల వరుస చీల్చిన ఏకాంగవీర! బంటుతో మంత్రిని పట్టిన ప్రచండ! బహుపరాక్!"

వీధిలో టీకొట్టు పోలమ్మతో సహా పదిమంది ఫోన్లు నొక్కుకుంటున్నారు. వాళ్ల నడుమ సూరీడమ్మ కూడా ఒంటివేలితో నొక్కుతోంది.

కొలువు తీరగానే ఆమె తన ఫోన్ రాజావారి చేతిలో పెట్టింది. అందులో కోట వైఫైతో వీడియో గలగలా ఆడుతోంది.

రాజావారు ఉలిక్కిపడ్డారు. "నీకెవరు చెప్పారు?"

"తమరే బాబూ."

"ప్రభువులనే దొంగంటావా!" సర్వోత్తమరావు ఎగిరిపడ్డాడు.

"దొంగనలేదు పండితులోరూ. ఏ వారానికావారం బాబుగోరి కొత్త బిరుదులే తెచ్చి తాళంచెవి చేసినారు మీరు. ఆ తాళంచెవిని రోజూ వీధిలో మూడుసార్లు చాటిత్తే గాని బాబుగోరు లోపలికి రారు. దాలయ్య మావ చెప్పమన్నది చెప్పినాడు, అంతే."

రాజావారి చెవులు ఎర్రబడ్డాయి. పండితుడి కండువా జారింది. "తమ మీద భక్తితో, ప్రభూ..." అని నీళ్లు నమిలాడు.

రాజావారు సూరీడమ్మ వైపు తిరిగారు. "సరే, ఇప్పుడేం పెట్టమంటావు? బిరుదులు మాత్రం మానుకోం!"

"మానొద్దు బాబూ. ఈ కోటలో ఎవులూ సచ్చినా నోటితో అనని మాట పెట్టండి."

"ఏమిటది?"

సూరీడమ్మ చేతులు జోడించింది.

"రాజావారు ఇన్నిసార్లు ఓడిపోయారు."

దాలయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఎన్నిసార్లో తమరొక్కరికే తెలుసు బాబూ. ఆ లెక్క తమరే ఏసుకోండి."

రాజావారు ఆమెవంక గుడ్లురిమి చూశారు. తర్వాత తమ ఫోన్ తీసుకుని, అటు తిరిగి, వేళ్లమీద లెక్క మొదలుపెట్టారు. ఒక చేయి అయింది, రెండో చేయి అయింది, మళ్లీ మొదటి చేతికొచ్చారు. చివరికి కొత్త పాస్‌వర్డ్ నొక్కి ఇటు తిరిగారు. మీసాలు అదురుతున్నాయి, కోపమో ఏమో ఎవరికీ తెలియలేదు.

"పండితా! మాట నీకు తెలిసింది. అంకె ఒక్కటే మిగిలింది. ఒకే ఒక్క అవకాశం. సరిగ్గా చెప్పావా, నీ పదవి నీదే. మేమెన్నిసార్లు ఓడిపోయాం?"

సర్వోత్తమరావు రాజావారి మీసాలు చూశాడు. గోడమీది కత్తి చూశాడు. ముఖం తుడుచుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"సున్నా, ప్రభూ!"

"కొట్టి చూడు."

కొట్టాడు. పాస్‌వర్డ్ తప్పని వచ్చింది.

ముందు నవ్వింది రాజావారే. సింహాసనం చేతులు పట్టుకుని పొట్ట కదిలేలా నవ్వారు. దాంతో కొలువంతా పకపకలాడింది. రాజావారు కళ్లు తుడుచుకుంటూ ఉంగరం తీసి సూరీడమ్మ తాంబూలపు పళ్లెంలో వేశారు.

"దాలయ్యా, గుమ్మం నీదే! ఆ బిరుదులు రేపు ఇంకాస్త గట్టిగా చదువు. విని ఎవరేం కొట్టుకుంటారో కొట్టుకోనీ!"