నెత్తుటికి తోడు

ఒకప్పుడు నెత్తురికి ఆగడం తెలియదు. ముల్లు గుచ్చుకుంటే చాలు, చిల్లుకుండలో నీళ్లలా కారిపోయేది. అందుకే మనుషులకి వాడి వస్తువంటే హడల్. ఇంట్లో కత్తిపీటే ఉండేది కాదు. ఎంత గుమ్మడికాయనైనా కొయ్యకుండా అలాగే ఉడకేసుకునేవారు. మనకి నవ్వొస్తుంది గాని, ఆ భయం పడ్డవాళ్లకి తెలుసు.

ఆ రోజుల్లో గంగులమ్మ అని పాడి చేసుకునే ఆమె ఉండేది. ఆమెకి ఒక్కతే కూతురు, పైడి. ఒకరోజు పొద్దున్నే వాకిట్లో ఆడుకుంటూ పైడి కుండపెంకు తొక్కింది. పాదం తెగింది. గంగులమ్మ గుడ్డ చుట్టింది, తడిసిపోయింది. ఇంకోటి చుట్టింది, అదీ తడిసింది. పిల్ల పెదవులు పాలిపోతున్నాయి.

దిక్కుతోచక గంగులమ్మ నెత్తురినే బతిమాలుకుంది, నా బిడ్డని వదిలి పోకు తల్లీ అని.

"పోవాలని నాకు మాత్రం ఉందా అమ్మా? పారడం ఒక్కటే వచ్చు. నిలబడ్డం నాకెవరూ నేర్పలేదు," అంది నెత్తురు.

ఉట్టి మీది పెరుగు ఆ మాట వింది. తనూ నిన్నటిదాకా పారే పాలే. తోడు చుక్క పడ్డాకే నిలబడింది. నా పిల్ల నెత్తుటికీ కాస్త తోడు వెయ్యవా అని గంగులమ్మ అడిగింది.

"నా తోడు తోడుకోవాలంటే పూట పడుతుంది. పిల్లకి అంత వ్యవధి లేదు. నెత్తురూ, నీ తోడు నీలోనే వెతుక్కో," అంది పెరుగు.

నెత్తురు తనలోకి తనే కేకేసింది. ఎర్రకణాలు గాలి మోసే పనిలో ఉన్నాయి. తెల్లకణాలు కాపలా వదిలి రాలేమన్నాయి. ఇక మిగిలినవి నూకలు. బియ్యంలో నూకల్లాగే అవీ పెద్ద కణాల నుంచి విరిగిపడ్డ ముక్కలు. ఎందుకూ కొరగావని మిగతావి వాటిని వెక్కిరించేవి. ఆ నూకలే ముందుకొచ్చి, మేం తోడుంటాం అన్నాయి.

తెగినచోటికి పరుగెత్తి, ఒకదాన్నొకటి పట్టుకుని అడ్డంగా నిలబడ్డాయి. అది చూసి, అంతవరకూ నెత్తుట్లో కరిగి ఉన్న సన్నదారాలు లేచి వాటి చుట్టూ వల అల్లాయి. బయటికి పోతున్న ఎర్రకణాలు ఆ వలలో చిక్కి ఆగాయి. నెత్తురు అచ్చం పెరుగులా తోడుకుంది. కాసేపటికి పైడి కళ్లు విప్పి, ఆకలేస్తోందమ్మా అంది.

గంగులమ్మ ఏడుస్తూనే నూకలకి దణ్ణం పెట్టి, మీకేం పెట్టమంటారని అడిగింది.

"ఏమీ వద్దమ్మా. కింద కొత్త చర్మం వచ్చేదాకా మమ్మల్ని గిల్లకండి. ఆ తర్వాత మేమే రాలిపోతాం."

ఆ మాటకి ఆమె గుండె నీరైపోయింది. పదిరోజులకి నల్లటి పక్కు రాలినప్పుడు ఊడ్చి పారెయ్యడానికి మనసొప్పలేదు. బీరపాదు మొదట్లో పెట్టి, మట్టి కప్పి వచ్చింది.

అప్పటినుంచే నెత్తురు లోపల ఎప్పట్లాగే పారుతూ, తెగినచోట మాత్రం గడ్డకడుతుంది. అప్పటినుంచే పక్కు గిల్లితే అమ్మలు చేతి మీద ఒకటేస్తారు. గండం గడిచి బతికినవాళ్లని చూసి, భూమ్మీద ఇంకా నూకలున్నాయి అంటాం కదా. అవి ఏ నూకలో గంగులమ్మకి తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.