మూడో చార

ఏ కెమెరా కొనాలని మస్తాన్ మాస్టారిని అడిగినవాళ్లెవరికీ ఇంతవరకూ సూటిగా జవాబు దొరకలేదు. చీరాల బజారులో నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపి, ఇప్పుడు ఆదివారాలు తన ఇంటి వసారాలో నలుగురికి ఫొటోలు తీయడం నేర్పుతున్న మనిషికి కెమెరాల సంగతి తెలియక కాదు. అడిగినవాళ్ల మొహంలోకి ఒకసారి చూసి, "దేన్ని తీద్దామని?" అంటారు. చాలామంది అక్కడే నీళ్లు నములుతారు.

చౌడేశ్వరి నమల్లేదు. "మా తాతయ్యను, మాస్టారూ. మగ్గం మీద ఉండగా," అంది.

తాతయ్య రుద్రయ్యకు డెబ్భై ఎనిమిదేళ్లు. ఇంటి మధ్య గదిలో గుంట మగ్గం, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని ఆయన. చూపు బాగా తగ్గింది. మగ్గం మీదున్న పడుగులో ఇంకొక్క చీరకే నూలు మిగిలింది. ఆ చీర నేసి కోయగానే మగ్గం విప్పేసి గుంట పూడ్చాలని బాబాయి తేల్చేశాడు. చౌడేశ్వరి ఆ గుంట అంచున కూర్చునే పలక మీద అక్షరాలు దిద్దింది. అక్కడ తాతయ్య లేని ఇంటిని ఆమె ఊహించుకోలేకపోయేది. మగ్గం పోయేలోపు ఆ దృశ్యాన్ని మంచి కెమెరాతో తీసి దాచుకోవాలని కోరిక.

మంచి కెమెరా అంటే ఏదో తేలక నెలన్నర గడిచింది. బజారులో రిపేర్లు చేసే జానీ దగ్గర వాడిన డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా, చిన్నది, ఒకటుంది. చేతిలో ఉన్న డబ్బుకు అది వస్తుంది. వెలుతురు చాలని ఆ మధ్య గదిలో కూడా శుభ్రంగా తీసే పెద్దది కావాలంటే మాత్రం వచ్చే నెల చీటీ పాడుకోవాలి. మొదటి కెమెరా, మళ్లీ మళ్లీ కొనేది కాదు, తొందరపడి పొరపాటు చేస్తే ఎలా? మందుల షాపులో పని దిగి ఇంటికొచ్చేటప్పుడు కూడా ఆమె కళ్లు ఫోన్లోనే. ఏ కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. మాస్టారి ముందు ఆ చిట్టా విప్పని ఆదివారం లేదు. ఆయనా ఓపిగ్గా వినేవారు, అంతే.

ఆ ఆదివారం పొద్దున ఫోను ఆయన చేతికిచ్చింది. "చూడండి మాస్టారూ, పోయిన వారం తీశాను. ఎంత మసకగా వచ్చిందో. జానీ దగ్గరున్న ఆ చిన్న కెమెరా కూడా మా ఇంట్లో ఇలాగే తీస్తుందేమోనని భయం."

మాస్టారు కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. "చీర కొంగు దాకా వచ్చేసిందే. రెండు చారలయ్యాయి, మూడోది సగం. అయితే ఈపాటికి కోసేసి ఉంటారు."

"లేదండీ, ఇంకా నేస్తానే ఉన్నాడు."

"వారం నుంచీనా? పద, చూసొద్దాం," అని ఆయన చెప్పులేసుకున్నారు.

రుద్రయ్య మగ్గం మీదే ఉన్నాడు. మాస్టారిని చూసి లేవబోతే ఆయనే వద్దని వారించి, గుంట పక్కన గొంతుక్కూర్చుని చీర మీదికి వంగారు. ఫోను చౌడేశ్వరికి తిరిగిచ్చారు. ఆమె ఫొటోనీ మగ్గాన్నీ మార్చి మార్చి చూసింది. రెండు చారలు, మూడోది సగం. మగ్గం మీదా అంతే. కాకపోతే పడుగు పోగులకు నూగు లేచి ఉంది. రెండుచోట్ల తెగితే ముడేసిన గుర్తులు కూడా ఉన్నాయి.

"తాతయ్యా, వారం నుంచి ఏం నేశావు?"

రుద్రయ్య దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు. "నేస్తానే ఉన్నానమ్మా. పొద్దున నేస్తా, నువ్వొచ్చే ముందు ఊడదీస్తా. కెమెరా కొన్నాక నా బొమ్మ తీస్తానంటివిగా. చీర కోశానంటే మర్నాడే మీ బాబాయి గుంట పూడ్చేస్తాడు. నీ కెమెరా వచ్చిందాకా సాగదీద్దామని."

చౌడేశ్వరి తెగి ముడేసిన పోగును వేలితో తడిమింది. రోజూ సాయంత్రం ఈ మగ్గం పక్కనుంచే కదా నడిచిపోయింది! సిగ్గుతో ఆమె కళ్లల్లో నీళ్లు నిండాయి. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, మాస్టారినే అడిగింది. "చిన్నది సరిపోతుందంటారా?"

"నన్నెందుకమ్మాయ్, ఆ పోగును అడుగు. ఇంకెన్నిసార్లు ఓర్చుకుంటుందో," అన్నారు మాస్టారు.

మధ్యాహ్నానికల్లా ఆమె జానీని ఇంటికెళ్లి మరీ పట్టుకుని ఆ వాడిన కెమెరా తెచ్చింది. పట్టుకునే చోట రబ్బరు ఒక మూల లేచిపోయి ఉంది. మొదటి పది ఫొటోలూ దండగ. ఒకదాంట్లో అంతా చీకటి, ఒకదాంట్లో తాతయ్యకు తల లేదు. అప్పుడు పెరటి తలుపు బార్లా తెరిచింది. వెలుతురు ఆయన చేతుల మీద పడింది. ఆయన మూడో చార పూర్తి చేశాడు, ఆఖరిదైన నాలుగోదీ నేశాడు. పొద్దువాలే వేళకు చెయ్యి అలవాటుగా, ఊడదీసేందుకు, పేక పోగు కొసకేసి వెళ్లింది. మనవరాలి వంక చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మరుసటి ఆదివారానికి మధ్య గదిలో గుంట లేదు, కొత్త మట్టి పచ్చిగా ఉంది. చౌడేశ్వరి ఫొటోలు అచ్చు వేయించి మాస్టారి దగ్గరికి తెచ్చింది.

"కొంచెం మసకగానే ఉన్నాయి మాస్టారూ. పెద్దదైతే ఇంకా బాగా వచ్చేవేమో."

మాస్టారు ఒక్కొక్కటీ తిప్పుతూ చివరిదాని దగ్గర ఆగారు. నిండు కొంగు, దాని మీద పనిలేక ఊరికే పడున్న రెండు ముసలి చేతులు. చూపుడు వేలితో చారలు లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఈసారి తాతగారు ఊడదీయలేదమ్మాయ్," అన్నారు.