పరిచర్య ఎవరికి?

అనగా అనగా అంటే ఏ కాలం నాటి మాటో అనుకునేరు పిల్లలూ! మొన్నటి ఫిబ్రవరి నెల, రెండో ఆదివారం, పొద్దున తొమ్మిదింపావు. కొత్తరేవు క్రైస్తవుల గుళ్ళో అప్పుడే మొదటి గంట కొట్టారు.

ఆ ఊళ్ళో కెజియమ్మ అనే పెద్దావిడ ఉండేది. గట్టిగా మాట్లాడి ఎరగదు. గుడి విందు ఏదైనా సరే, పొయ్యి దగ్గర ఆమే ఉండాలి. ఆమె భర్త ఏసోబు. ఆయన నోరు మాత్రం ఊరుకోదు.

ఆ రోజు గుడి గుమ్మానికి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ‘యవ్వనస్తుల పరిచర్య’ అని ఎర్రటి అక్షరాలు. "కొత్త యవ్వనస్తుల్ని తీసుకురండి. వాళ్ళు లేక గుడి బోసిపోతోంది" అని సంఘ పెద్ద గమలీయేలు గారు వారం ముందే చెప్పారు.

కెజియమ్మ ఆ మాట నమ్మింది. కాలవ అవతల ఇటుక బట్టీ దాకా నడిచి వెళ్ళింది. పనికోసం పైవూళ్ళ నుంచి వచ్చిన తిర్సా అనే పిల్లనీ, ఆమె అన్నలిద్దర్నీ పిలిచింది.

"మమ్మల్ని కూర్చోనిస్తారా పెద్దమ్మా?" అంది తిర్సా.

"కూర్చోబెట్టి వడ్డిస్తాం తల్లీ. నా మాట మీద రండి."

వచ్చారు. ఉతికిన బట్టలు కట్టుకుని, తలలు దువ్వుకుని, అందరికంటే ముందే వచ్చారు.

గుడి వెనక పాకలో పప్పు కలుపుతూ కెజియమ్మ కిటికీలోంచి చూసింది. గమలీయేలు గారు వాళ్ళని చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నారు. "వందనాలు, వందనాలు! సమయానికి వచ్చారు. ఇదిగో, ఆ కుర్చీలు దించి వరసగా వేయండి."

వేశారు. వంద కుర్చీలు. పోనీలే, చెయ్యి సాయం అనుకుంది కెజియమ్మ.

రెండో గంట కొట్టారు. ముగ్గురూ వెనక వరసలో కూర్చున్నారో లేదో, పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు వచ్చేశాయి. "లేవండమ్మా, పెద్దలు నిలబడ్డారు. మీరు గుమ్మం దగ్గర ఉండి చెప్పులు చూసుకోండి, కుక్కలు ఎత్తుకుపోతున్నాయి" అన్నారు గమలీయేలు గారు.

లోపల పట్నం నుంచి వచ్చిన ప్రసంగీకుడు బల్ల గుద్ది చెబుతున్నాడు: "యవ్వనస్తులు సంఘానికి స్తంభాలు!"

ఏసోబు పాకలోకి వచ్చి భార్య చెవిలో అన్నాడు: "విన్నావా? స్తంభాలట. అందుకే నిలబెట్టారు."

కెజియమ్మకి నవ్వు రాలేదు. కిటికీలోంచి గుమ్మం వైపు చూసింది.

మూడో పని ప్రేమ విందులో, అంటే ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే భోజనంలో. ఆ బియ్యం ఎక్కడివనుకున్నారు? ఆడవాళ్ళు పూటపూటకీ వండే ముందు ఒక పిడికెడు తీసి, ప్రార్థన చేసి, దేవుడి పేరున పక్కన పెట్టినవి. గుడికి వచ్చిన అతిథి ఆకలితో పోకూడదని పెట్టినవి. ఆ అన్నం అతిథుల చేతనే వడ్డింపజేశారు. తిర్సా నీళ్ళు పోసింది, అన్నలు బకెట్లు మోశారు. "కూర ఇటు!" "పెరుగేదీ?" "చురుగ్గా కదలండి, యవ్వనస్తులు కాదూ!"

పంక్తులన్నీ లేచాక ముగ్గురూ ఆకులు వేసుకున్నారు. గిన్నె అడుగున మాడు మిగిలింది.

అప్పుడు గమలీయేలు గారు చెయ్యి తుడుచుకుని మైకు పట్టుకున్నారు. "దేవునికి స్తోత్రం! నేటి యవ్వనస్తుల పరిచర్య ఘనంగా జరిగింది."

కెజియమ్మ మసిచేతులతోనే గుళ్ళోకి నడిచింది.

"అయ్యా, ఒక్క మాట. పరిచర్య జరిగింది, నిజమే. ఎవరికి జరిగింది? వాళ్ళకి మనం చేశామా, వాళ్ళ చేత మనం చేయించుకున్నామా?"

పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు ఆమె వైపు తిరిగాయి.

"ఆడవాళ్ళు సంఘంలో మౌనంగా ఉండాలమ్మా" అన్నారాయన.

"నలభై ఏళ్ళు మౌనంగానే వండానయ్యా. మీకు అన్నం ఉడికింది గానీ బుద్ధి ఉడకలేదు. పిలిచి తెచ్చిన పిల్లలు మాడు గీక్కుంటుంటే మీకు స్తోత్రం ఎలా నోటికి వచ్చింది?"

ఆయన మైకు ఆపి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. పొద్దుటి నుంచీ వేదిక మీదే ఉన్న చిన్న వయసు పాస్టరు గారు మాత్రం తల దించుకుని, "తప్పు నాది కూడానమ్మా. చూస్తూ ఊరుకున్నాను" అన్నారు.

కెజియమ్మ గేటు దగ్గరికి పరుగెత్తింది. ముగ్గురూ అప్పటికే రోడ్డెక్కారు.

"తిర్సా, ఆగు తల్లీ!"

తిర్సా ఆగింది. కోపంగా కూడా లేదు. "బట్టీలో పనిని పని అనే అంటారు పెద్దమ్మా. మీ దగ్గర దానికి వేరే పేరుంది. అంతే తేడా" అంది. వెళ్ళిపోయింది.

ఆ మాట కెజియమ్మ గుండెలో ముల్లులా దిగింది. మాట ఇచ్చింది తనే. తప్పింది ఎవరైనా, పోయింది తన మాటే.

మర్నాడు తెల్లవారుతూనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. అన్నం, గుడ్ల పులుసు వండి, గిన్నెలు నెత్తిన పెట్టుకుని కెజియమ్మ బయల్దేరింది. ఏసోబు చాప చుట్టి చంకన పెట్టుకుని, నీళ్ళ బిందె భుజానికెత్తుకున్నాడు. దారిలో పాస్టరు గారు కలిసి, అడక్కుండానే ఆ బిందె అందుకున్నారు. బట్టీ పక్కన చాప పరిచారు. ముగ్గురి చేతుల మీద నీళ్ళు పోశారు. ఆకుల నిండా వడ్డించి, పక్కన నిలబడ్డారు.

"మీరూ కూర్చోండి పెద్దమ్మా."

"మీ కడుపు నిండాకే."

తిర్సా రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఆకు మీంచి తల ఎత్తకుండానే, "వచ్చే ఆదివారం వస్తాం. కుర్చీలు వేయడానికి మాత్రం కాదు" అంది.

"కుర్చీలు నేను వేస్తాలే" అన్నారు పాస్టరు గారు.

కాబట్టి పిల్లలూ, అతిథిని పిలిచి పని చెప్పేవాడి స్తోత్రాలు ఎంత గొప్పగా ఉన్నా అది ఆరాధన కాదు. పిలిచినవాడు ముందు తన చేత్తో వడ్డించాలి.